ఎల్లమ్మ మొగుడి వార్త

గాజువాక, శుక్రవారం రాత్రి

ఎల్లమ్మ ఈ రోజు చేపల తట్టతోనే మా ఇంటికి వచ్చింది. ఆమె మొగుడు సూరయ్య చేపల వేటకెళ్లి తుఫానులో తిరిగి రాని ఏడు, చనిపోయాడని రాయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. అందుకే పేపరుకు గల్లంతు అనే పంపాను.

ఈ రోజు గుమ్మంలో నిలబడి, "మా ఆయన పోనాడని రాసీండి బాబూ" అంది.

"ఏమైందమ్మా?"

"మొగుడు పోనోల్ల పింఛనుకెల్తే, బొట్టెట్టుకుని వొచ్చీసినావేటని నవ్వుతన్నారు. పేపర్లో ఏస్తే నమ్ముతారు."

వేస్తే మాత్రం నమ్ముతారో లేదో. ఆ మాట ఆమెతో అనలేక, సరే రాస్తానన్నాను. సోమవారం పింఛను ఆఫీసుకు ఆమెతో నేనూ వెళ్లాలి.

ఆమె తట్ట దించి కొంగుతో బొట్టు తుడుచుకుంది. ఏడవలేదు. నాకూ ఏమీ అనిపించలేదు. విలేకరిగా ఇలాంటివి ఎన్ని రాశానో.

సాయంత్రం ఫోన్లో వార్త చెప్పాను. పేపరు డెస్కులో ఉన్నాయన రాసుకుంటూ, "ఎప్పుడు చనిపోయాడండీ?" అని అడిగాడు.

ఈ రోజే అని చెప్పాను.