నిండుగా తిరిగొచ్చే గ్లాసు

ప్రియమైన చెల్లికి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. చలికి పాప కాలినొప్పి కాస్త ఎక్కువైంది, అంతే. వచ్చే నెల మొదటి ఆదివారం దానికి బాప్తిస్మం. అదే రోజు మొదటిసారి ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటుంది. తెల్లగౌను నేనే కుడుతున్నాను. కుంటికాలు కనిపించకుండా అంచు ఇంకాస్త దించనా అంటే, "ఎందుకమ్మా, దేవుడికి తెలీదా ఏంటి?" అంది.

ఇంకో వార్త. బ్రెడ్డు వ్యాను డ్రైవరుకు పక్షవాతం వచ్చింది. చూసుకోకుండా వ్యాను వెనక్కి నడిపి మన పాప కాలు నుజ్జు చేశాడే, వాడికే. కుడిచెయ్యి పడిపోయింది. అయినా మానకుండా మన చర్చికే వచ్చి, వెనక బెంచీలో కూర్చుంటున్నాడు. ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరారు. "చూశావా, స్టీరింగు పట్టిన చెయ్యే! దేవుడు గురి చూసి కొట్టాడమ్మా" అన్నారు.

నేను తలూపాను. ఆ చెయ్యే పడిపోవాలని ఒకప్పుడు ప్రార్థించానని వాళ్ళకు చెప్పలేదు. నీకు చెబుతున్నాను. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు.

నీ అక్క

*

అక్కా,

ముందు అన్నం తిను. తర్వాత ఇది చదువు.

నా వార్డులో పక్షవాతం వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన పాస్టరు. ఇంకొకావిడ చీమకు కూడా అపకారం చెయ్యని మనిషి. వీళ్ళ చేతులు పడిపోవాలని ఎవరు ప్రార్థించారంటావ్? రక్తపోటు మాత్రలు మానేసినవాళ్ళందరినీ తెచ్చి దేవుడి మీద వెయ్యకు. నువ్వడిగినప్పుడల్లా మనుషుల చేతులు విరిచేవాడైతే, అది దేవుడు కాదు, నువ్వు పెట్టుకున్న రౌడీ.

ఇంకోటి అడుగుతాను, కోప్పడకు. పోయినసారి వచ్చినప్పుడు చర్చిలో నీ పక్కనే కూర్చున్నాను. పాస్టరుగారు "పుచ్చుకోండి" అనగానే అందరం గ్లాసులెత్తాం. నీ గ్లాసులో ద్రాక్షరసం చుక్క లేదు. పొయ్యడం మర్చిపోయావా? నువ్వు అలా మర్చిపోయే మనిషివి కాదే!

బావగారిని అడిగానని చెప్పు.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

పట్టేశావు. నీ కళ్ళు పాడుగాను!

బల్ల సర్దేదీ, గ్లాసులు కడిగేదీ నేనే కాబట్టి ఒక గ్లాసు ఖాళీగా ఉంచడం కష్టం కాదు. మనసులో పగ పెట్టుకుని ఆ రసం తాగితే శిక్షను తాగినట్టేనని అమ్మ అనేది గుర్తుందా? క్షమించానని అబద్ధమాడి తాగలేను. తాగనని లేచిపోతే నలుగురూ కారణం అడుగుతారు. అందుకే ఇలా నెట్టుకొస్తున్నాను. కానీ ఈసారి పాప నా పక్కనే కూర్చుంటుంది. దానికీ నీ కళ్ళే వచ్చాయి. మొట్టమొదటి రోజే తల్లి ఖాళీ గ్లాసు ఎత్తడం చూస్తే, దానికి ఏ దేవుణ్ణి చూపించినట్టు? ఏం చెయ్యాలో తోచడం లేదు.

పైగా ఇంకో చిరాకు. ఎప్పట్నుంచో వెనక బెంచీల పళ్ళెంలో ఒక గ్లాసు నిండుగానే తిరిగొస్తోంది. తాగనివాళ్ళు తీసుకోవడం దేనికి? ఆ వైపు నేను వెళ్ళను గనక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఈసారి ఎవరో కనిపెట్టి నాలుగు దులుపుతాను.

నీ అక్క

*

అక్కా,

డ్యూటీకి వెళ్తూ రాస్తున్నాను, ఒక్కటే మాట. వాళ్ళను దులిపే ముందు ఎందుకు తాగడం లేదో అడుగు. ఖాళీ గ్లాసు ఎత్తావని నిన్నెవరూ దులపలేదు కదా.

పాపకు పిన్ని ముద్దులు.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

బాప్తిస్మం బాగా జరిగింది. గౌను సరిగ్గా కుదిరింది.

వెనక బెంచీలకు పళ్ళెం నేనే పట్టుకెళ్ళాను. అందరికీ ఇచ్చి, నా ఖాళీ గ్లాసుతో అక్కడే పక్కగా నిలబడ్డాను. డ్రైవరు ఎడమచేత్తో గ్లాసు తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు. తాగే ఉద్దేశం ఉన్నవాడిలా లేడు. ఎవరో తెలిసిపోయింది. దులపడానికి నోరు రాలేదు.

"తాగరా?" అని అడిగాను.

"మీరు తాగిన రోజు తాగుతానమ్మా."

"నేను తాగడం లేదని ఎవరు చెప్పారు?"

"ఇక్కడ కూర్చుని మిమ్మల్ని తప్ప ఇంకెవర్ని చూస్తాను? గ్లాసు దించాక అందరూ మూతి తుడుచుకుంటారు. మీరు తుడుచుకోరు." పడిపోయిన చేతివైపు చూసుకుని, "దేవుడు కొట్టాడంటున్నారందరూ. నిజమైతే బాగుండునమ్మా. శిక్ష అయిపోయేది" అన్నాడాయన.

"కొట్టింది దేవుడు కాదు, రక్తపోటు. మా చెల్లెలు నర్సు" అన్నాను. నవ్వకు, నోటికి అదే వచ్చింది.

ముందు బెంచీలోంచి పాప వెనక్కి తిరిగి చూస్తోంది. పాస్టరుగారు కూడా నాకోసం ఆగారు. క్షమించాననే మాట అప్పటికీ నా నోట రాలేదు, చెల్లీ. కోపం మొత్తం పోయిందని నీకూ అబద్ధం రాయను. నా గ్లాసు ఆయన ముందుకు చాపి, "ఇందులో సగం పొయ్యండి" అన్నాను.

ఆయన ఎడమచేత్తోనే గ్లాసు వంచాడు. కాస్త నా మణికట్టు మీద ఒలికింది. మిగిలింది గ్లాసులో పడింది.

పాస్టరుగారు "పుచ్చుకోండి" అన్నారు. ఇద్దరం తాగాం. నేను గ్లాసు దించి, ఆయన చూస్తుండగా, మూతి తుడుచుకున్నాను.

నీ అక్క