దిల్షాద్ అబ్బా గురించి

జడ్చర్ల,
12-9-1999.

ప్రధానోపాధ్యాయులు గారికి,

పదమూడేళ్ల కింద తనిఖీ వస్తోందని మా పిల్లల గోడపత్రికను మీరు చింపించారు. అప్పుడు నేను మీ కింద తెలుగు పండితుణ్ణి కనుక నోరు మూసుకున్నాను. ఇప్పుడు రిటైరయ్యాను, మూసుకోను.

నా పాత శిష్యుడు జాఫర్ హైదరాబాదులో కంప్యూటరు సెంటరు నడుపుతూ, మన బడి పిల్లల వ్యాసాలను ఇంటర్నెట్‌లో పెడుతున్నాడు. వాటిని మీ చేతుల మీదుగా పంపడమే నా తప్పు. అబ్బా పంక్చరు దుకాణంలో ట్యూబును నీళ్లలో ముంచితే బుడగ ఎక్కడ లేస్తోందో తానే చూపిస్తానని ఏడో తరగతి దిల్షాద్ రాసింది. మీరు దాన్ని కొట్టేసి, "మా తండ్రిగారు బాటసారుల సేవకే అంకితమైన త్యాగమూర్తి" అని రాశారు.

ఇంటర్నెట్‌లో పెట్టిన వ్యాసాన్ని జాఫర్ అచ్చు తీసి పంపిన కాగితం చదివి ఆ పిల్ల, "సార్, గీయన మా అబ్బా కాదు, ఇంకెవరో. నేనింక రాయ" అని వెళ్లిపోయింది.

వెంటనే ఆమె రాసిన వ్యాసాన్నే పెట్టించాను. అది చదివిన బెంగుళూరు ఇంజనీరు ఒకాయన, బుడగ కనబడనంత సన్న చిల్లును ఎట్లా పడతావని జాఫర్ ద్వారా దిల్షాద్‌ను అడిగాడు. నిన్న ఆ పిల్ల మా ఇంటికి పరుగెత్తుకొచ్చి, అబ్బా ఉమ్మి రాసి చూస్తాడని జవాబు రాసింది. లేవబోతూ అడిగింది:

"సార్, హెడ్మాస్టర్ సాబ్ నా వ్యాసం మార్చిండు గదా, గది గూడ రాయొచ్చా?"

"చూసింది చూసినట్టు రాయి బిడ్డా" అన్నాను.

రాస్తోంది. ఈసారి మీ చేతికి ఇవ్వను. అందరితో పాటు మీరూ ఇంటర్నెట్‌లోనే చదువుకోండి.

ఇట్లు,
మీ పాత తెలుగు పండితుడు