వచ్చే ఏడు చూద్దాం

సెయింట్ రెమీ, మెయిన్ రాష్ట్రం
18 నవంబరు 1993

చిరంజీవి నోయెమీకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. ఆయన మోకాలు మాత్రం వాన వచ్చేముందు మూలుగుతోంది. ఆ దీవిలో నువ్వూ, నీ బడిపిల్లలూ చలిని తట్టుకుని క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం నిన్న అందింది. అలాస్కా నుంచి పది రోజుల్లో వచ్చిందంటే మీ పోస్టు విమానానికి మబ్బులు దారిచ్చినట్టే.

నువ్వడిగినవి ముందు చెబుతాను. ఉన్ని మేజోళ్ళు వేరే పార్సెల్లో పంపాను. పిల్లి మళ్ళీ ఈనింది, ఈసారి మూడు. వెనక వసారా కప్పు నాన్న బాగుచేశారు. అయినా కారుతోంది, ఆ మాట ఆయనతో అనకు.

నిన్న మేయరు గది ఖాళీ చేశాను. పన్నెండేళ్ళ సామాను రెండు అట్టపెట్టెల్లో సరిపోయింది. గోడమీది మేయర్ల ఫోటోలు నీకు గుర్తుండే ఉంటాయి. చిన్నప్పుడు నువ్వు చూసి జడుసుకున్న మీసాలాయన బోషాంప్. శవపేటికల దుకాణం నడుపుతూనే పంతొమ్మిదేళ్ళు ఊరిని ఏలాడు. రోడ్డు గుంటల గురించి అడగడానికి ఎవరైనా దుకాణానికి వెళితే, "కూర్చోండి, ఈ పెద్దమనిషిని సాగనంపి వస్తా" అనేవాడట. ఆయన తరువాతి డూబే తన వీధిలో మంచు ముందు తీయించుకుని, ఒక్క దఫాకే ఇంటికి పోయాడు. ఆ వరసలో మొదటి ఆడమనిషిని నేనే. ఫోటోగ్రాఫరు "నవ్వండి మేయరమ్మా" అని ఎంత బతిమాలినా నవ్వలేదు. ఇప్పుడు చూస్తే పన్నునొప్పితో ఉన్నట్టున్నాను.

"రెండే రెండు ఓట్ల తేడా! మళ్ళీ లెక్కపెట్టించవేమమ్మా?" అని రాశావు. నిన్నటిదాకా నాన్నదీ రోజూ అదే పాట. నామీద గెలిచిన లూసియెన్ మోరోకి 1,204, నాకు 1,202. అడగడానికి గడువు రేపు సాయంత్రం ఐదింటివరకూ ఉంది. నేను అడగను. ఎందుకో చెప్పాలంటే సెప్టెంబరు నుంచి చెప్పుకురావాలి.

మిల్లు వీధి పెలెతియే గారి కోడలు ఒకరోజు డాక్టరు కాగితంతో నా గదికి వచ్చింది. ఆమె కవల ఆడపిల్లలకు ఏడేళ్ళు. ఇద్దరి రక్తంలోనూ సీసం ఉందట. ఆ వీధి కింద నీళ్ళకు పాత సీసపు గొట్టాలే ఉన్నాయి, ఆ విషం పిల్లల బుర్రను ఎదగనివ్వదు.

"నీళ్ళు పరీక్ష చేయిస్తూనే ఉన్నామమ్మా, హద్దులోనే ఉన్నాయి. పొద్దున్నే గొట్టంలో నిలవున్న నీళ్ళు పోయేలా కొళాయి రెండు నిమిషాలు వదిలేసి, తరువాత పట్టుకో" అన్నాను.

"వదులుతూనే ఉన్నాం మేయరమ్మా. మా అత్తగారూ వదిలేది. ఆవిడ అత్తగారూ వదిలేదట" అంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. గొంతు కూడా పెంచలేదు.

అక్టోబరులో చర్చి హాల్లో నాకూ లూసియెన్‌కూ వాదన పెట్టారు. పన్ను పెంచయినా సరే, నాలుగేళ్ళలో గొట్టాలన్నీ మారుస్తానన్నాడు లూసియెన్. అతను గొట్టాలు బిగించే పనివాడని నీకు తెలుసుగా. నేను లేచి, "ఊరంతా తవ్వితే కడుపు నిండేది ఎవరికి లూసియెన్? గొట్టాలు బిగించేవాడికే కదా!" అన్నాను. హాలంతా గొల్లున నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ పని మా దుకాణం ముట్టుకోదు. కావాలంటే రాసిస్తాను" అన్నాడు. అక్కడే నిలబడి రాసిచ్చాడు.

మర్నాడు అతన్ని ఇంకేం అనవచ్చో వెతుకుతూ నీటిశాఖ పాత ఫైలు తీయించాను. అందులో 1961 నాటి ఇంజనీరు ఉత్తరం దొరికింది: మిల్లు వీధి గొట్టాలు ప్రమాదం, వెంటనే మార్చాలి అని. పక్కన బోషాంప్ చేతిరాత: "వచ్చే ఏడు చూద్దాం." దాని కింద డూబే రాత. ఆ కింద మరొకాయనది. అందరిదీ అదే మాట. అన్నిటికన్నా కింద, 1984 తేదీతో, గుండ్రటి అక్షరాలు. నావే. రాసినట్టు గుర్తే లేదు తల్లీ. ఏ భోజనాల వేళో, ఇంకో ఇరవై కాగితాలతో పాటు రాసి పక్కన పడేసి ఉంటాను.

ఊరందరినీ మళ్ళీ ఆ హాలుకే పిలిచి, ఆ ఉత్తరం చదివి, తప్పు నాది కూడా అని చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. ప్రచారం మానలేదు. గుమ్మం గుమ్మానికీ తిరిగి నవ్వుతూ చేతులు కలిపాను. ఓటేసే రోజు తెర వెనక పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడి, లూసియెన్ పేరుకి గుర్తు పెట్టాను.

అదీ సంగతి. నాకు నేను వేసుకుని ఉంటే ఇద్దరికీ 1,203 వచ్చేవి, చీటీ తీసేవారు. ఇది గొప్ప త్యాగమని మాత్రం అనుకోకు. నలుగురిలో నోరు విప్పలేక, ఎవరికీ కనపడనిచోట పెన్సిలుతో చెప్పాను. పిరికితనానికి అంతకన్నా వేరే పేరు లేదు.

ఆ ఇంజనీరు ఉత్తరం నిన్న లూసియెన్ చేతికిచ్చాను. పక్కనున్న నాలుగు రాతలూ చదివి, "సోమవారం తవ్వడం గురించి మాట్లాడుకుందామా?" అన్నాడంతే.

రాత్రి భోజనాల దగ్గర నా ఓటు సంగతి నాన్నకు చెప్పాను. ఆయన చెంచా కింద పెట్టి, "మరి ఆ ప్రచారం బోర్డులన్నీ వానలో నాచేత ఎందుకు పాతించావే రోజీ?" అన్నారు. పొద్దున నేను లేచేసరికి ఊళ్ళో మిగిలిన బోర్డులన్నీ పీక్కొచ్చి కొట్టంలో పేర్చారు. ఇంకా మాట్లాడటం లేదు.

ఈ ఉదయం మిల్లు వీధికి వెళ్ళాను. పెలెతియే కోడలు తలుపు సగమే తీసింది. ఆ వాకిట్లోనే నిలబడి ఉత్తరం గురించి, నా రాత గురించి, అన్నీ చెప్పాను.

"పిల్లలు మూడింటికి బడినుంచి వస్తారు. అప్పుడు రండి" అంది. "నాకు కాదు, వాళ్ళకు చెప్పండి."

పన్నెండేళ్ళుగా ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో నీకు తెలుసు. ఏడేళ్ళ పిల్లలకు ఇది ఏ మాటల్లో చెప్పాలో మాత్రం తోచడం లేదు. నువ్వు దగ్గరుంటే నిన్నే అడిగేదాన్ని. ఇప్పుడు రెండున్నర అయింది. కోటు వేసుకుంటున్నాను.

ఇట్లు,
నీ తల్లి
రోజలీన్