జాడీ దగ్గర ఆగిపోయిన కబురు

16 ఏప్రిల్ 2012, సోమవారం

రెండు బకెట్ల బట్టలు, బియ్యం చెరగడం, పన్నెండు మామిడికాయల పచ్చడి. అన్నీ అయ్యాయి.

పచ్చడి కలుపుతుంటే సిలిండర్ తెచ్చినాయన గుమ్మంలో నిలబడి, "అక్కా, పైనింట్ల గ్యాస్ పైపు పగిలింది, బంద్ చేసిన. ముసలమ్మకు నా మాట వినవడ్తలే. కోడలొస్తే జర చెప్పు, పొయ్యి ముట్టియ్యొద్దని" అన్నాడు. తలూపాను. జాడీకి గుడ్డ కట్టేదాకా లేవకూడదు, మాట్లాడకూడదు. అత్తమ్మ పెట్టిన పద్ధతి. పైనింటి కోడలు నూర్జహాన్ హోటల్ డ్యూటీ నుంచి వచ్చి మెట్లెక్కడం చూశాను కూడా. గుడ్డ కట్టాక చెబుదామనుకుని మరిచిపోయాను.

సాయంత్రం మా లత పేపర్ చదివింది. టైటానిక్ ఓడ మునిగి నిన్నటికి వందేళ్లట. దారిలో మంచుకొండలున్నాయని వేరే ఓడలు కబురు పంపినా వేగం తగ్గించలేదట. ఆ ఓడలో వైర్‌లెస్ చూసే ఆయన ప్రయాణికుల సందేశాలు పంపే పనిలో పడి, ఒక కబురు కెప్టెన్‌కు చేర్చనే లేదట.

"సోయి లేనోడు మమ్మీ!" అంది లత.

సిలిండర్ ఆయన మాట గుర్తొచ్చి పైకి పరుగెత్తాను. నూర్జహాన్ రెగ్యులేటర్ తిప్పబోతోంది.

"ఆగు! పైపు పగిలిందట. మధ్యాహ్నమే తెలుసు, చెప్పలే."

పైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీ పచ్చడి మా ఇల్లు కూలుస్తుండె గదక్కా!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ వైర్‌లెస్ ఆయన కూడా చేతిలో పని అయ్యాక చెబుదామనుకున్నాడేమో. ఓడ మునుగుతున్నా సాయం కోసం కబుర్లు పంపుతూనే ఉండి, ప్రాణం పోగొట్టుకున్నాడట...

లత తిడుతుంటే ఆయన తరఫున ఒక్క మాట అనలేదు. ఇందాక లతను పక్కన కూర్చోబెట్టుకుని, నేను చేసింది మొత్తం చెప్పాను. ఆయనకు నేను పడ్డ బాకీ తీరింది.