మౌనిక కొలతకు కోసిన కోట్లు

అల్ వక్రా

పెద్దక్కకు, బావకు శంకర్ నమస్కారాలు.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? అత్తమ్మ వేళకు తింటున్నదా? నేనిక్కడ బాగానే ఉన్నాను. ఒంట్లో ఏ బాధా లేదు, రంది పెట్టుకోకు. ఫోన్లో "ఊఁ" అనడం తప్ప ఏమీ మాట్లాడడం లేదని అలిగావట. అలగకు అక్కా. ఫోన్ ఎత్తేసరికి మాటలు రావడం లేదు. పక్కూరి మల్లేశం సెలవు మీద వస్తున్నాడు, అందుకే రాసి అతని చేతికి ఇస్తున్నాను.

ఇక్కడి ఎండ సంగతి నీకు తెలిసిందే. పొద్దున తలుపు తీస్తే సముద్రపు ఉక్క నాకంటే ముందే దుకాణంలోకి వస్తుంది. ఫుట్‌బాల్ కప్పు దగ్గర పడుతున్న కొద్దీ దేశమంతా తవ్వుతున్నారు, పూడుస్తున్నారు, రంగులేస్తున్నారు. ఆ వచ్చే జనానికి సేవ చేసే వాళ్ళందరికీ బట్టలు కావాలి. హోటళ్ళ ఆడపిల్లలకు కోట్లు, బస్సు డ్రైవర్లకు చొక్కాలు, కాపలా వాళ్ళకు ప్యాంట్లు. దుకాణం పెట్టిన కొత్తలో గుండీ కుట్టించుకోవడానికి ఎవరొచ్చినా టీ తెప్పించేవాణ్ణి. ఇప్పుడు మనిషి వస్తే తల కూడా ఎత్తడం లేదు. కోత నేనే కోయాలి, దారం నేనే తేవాలి, మిషన్ చెడితే నేనే విప్పాలి, పనివాళ్ళ కాగితాల కోసం ఆఫీసుల ముందు నేనే నిలబడాలి. అత్తమ్మ ఊళ్ళో అందరికీ "మా శంకర్ దుబాయ్‌ల సేటయిండు" అని చెబుతోందట, ఆమెకు ఏ అరబ్బు దేశమైనా దుబాయే. చెప్పుకోనీ. సేటు ముఖం చూస్తే ఆ మాట అనదు.

నువ్వు పంపిన మామిడికాయ తొక్కు ఇంకా ఉంది. ఖుబూస్ రొట్టెలో పెట్టుకుని తింటున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే కారం అని తెలుస్తోంది, నాలుకకు తెలియడం లేదు. నిజం చెబుతున్నాను అక్కా, నాకు బాధగా కూడా లేదు. ఏమీ లేదు, అంతే.

లగ్నం సంగతి. శ్రావణంలో మౌనిక పెళ్ళి అని నువ్వు చెప్పిన రోజే, మేనమామగా పిల్లను గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకొచ్చేది నేనేనని మాటిచ్చాను. మా కఫీల్, అంటే ఈ దుకాణం ఎవరి పేరు మీద ఉందో ఆ అరబ్బు పెద్దమనిషి, "కప్పు అయ్యేదాకా సఫర్ మాఫీ" అన్నాడు. ప్రయాణాలు లేవని. నేను సరేనన్నాను. నా బదులు మన చిన్నోడు రవితో గంప ఎత్తించమని నీకు చెబుదామనుకున్నాను. అది అనుకున్నప్పుడు కూడా నా గుండె కదలలేదు.

పోయిన శుక్రవారం ఏమైందో చెబుతాను. నువ్వు పంపిన మౌనిక ఆది జాకెట్ కోత బల్ల మీద పెట్టుకున్నాను, తీరిక దొరికితే పెళ్ళి జాకెట్ కుడదామని. హోటల్ కోటు ఆది కూడా ఆ బల్ల మీదే ఉంది. ఎర్ర గుడ్డ పొరలు పొరలుగా పరిచి, చేతికి అందిన ఆది పెట్టి, గీసి, మిషన్ కత్తెరతో కోసేశాను. నా దగ్గర పనిచేసే కడప వైపు రెడ్డెప్ప కుట్టడానికి ముక్కలు తీసుకున్నాడు. తీసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఇవి కోటు ముక్కలు కాదే. రవిక ముక్కలు."

"అన్నీ గిట్లనే ఉన్నయా?"

"కట్టకు కట్ట ఇట్లే ఉండాయి. ఎంతమంది పెండ్లికూతుర్లకు కుడతావన్నా?"

మిషన్ల మీద ఉన్న వాళ్ళంతా నవ్వారు. వాళ్ళను చూసి నేనూ నవ్వాను. గుడ్డ పాడైందని కూడా నాకు అనిపించలేదు. అప్పుడు రెడ్డెప్ప అడిగాడు.

"ఎవరి కొలతన్నా ఇది?"

"మా అక్క బిడ్డది."

"మేనకోడలిదా? చేత్తో పట్టుకొని గుర్తుపట్టలేదా?"

అక్కా, ఆ పిల్ల మొదటి గౌను కుట్టింది నేను. బతుకమ్మకు ఏటా లంగా జాకెట్ కుట్టింది నేను. టేపు కూడా పట్టేవాణ్ణి కాదు, వాకిట్లో పరుగెత్తుతుంటే చూసి కోసేవాణ్ణి, వచ్చి తొడుక్కుంటే సరిపోయేది. ఆ పిల్ల జాకెట్ చేతిలో పెట్టుకుని, అదెవరిదో తెలియకుండా ఒక కట్ట గుడ్డ కోశాను. బల్ల పక్కన కూర్చుండిపోయాను. నాకు భయమేసింది. ఇన్ని నెలల్లో నాకు కలిగినది అదొక్కటే.

"నువ్వు ఊరికి పోన్నా," అన్నాడు రెడ్డెప్ప. "నువ్వు లేకుంటే ఈడ కత్తెర తిరగదా? నేను కోస్తా. కోటు అడిగితే కోటే కోస్తాలే."

మరునాడు కఫీల్ దగ్గరికి వెళ్ళాను. హోటల్ వాళ్ళ మిగతా పని ఐన్ ఖాలిద్‌లో ఇంకో టైలర్‌కు అప్పగిస్తానని, నేను ఊరికి వెళ్ళాలని చెప్పాను. అరిచాడు. నేను నిలబడే ఉన్నాను. ఇంకా అరిచాడు. చివరకు చెయ్యి విసిరి "యల్లా, రూహ్" అన్నాడు. పొమ్మని. సంతోషం కలగలేదు, కానీ టికెట్ తీసుకున్నాను.

మౌనిక జాకెట్ ఇక్కడ కుట్టను. అక్కడికి వచ్చి, పిల్లను ఎదురుగా నిలబెట్టి, కొలుచుకుని కుడతాను. ఇంట్లో మన పాత మిషన్‌కు నూనె వేయించు. బావకు, మోకాలి నొప్పితో పందిరి పనులకు ఎగబడవద్దని చెప్పు. అత్తమ్మ పాదాలకు నా దండాలు, ఆమె దీవెన నాకు కావాలి. మల్లేశానికి కడుపునిండా అన్నం పెట్టి పంపు.

ఒక్క మాట, నువ్వు మనసులోనే పెట్టుకో. గంప ఎత్తేటప్పుడు అందరూ ఏడుస్తారు. నా ముఖం కొయ్యలాగా ఉంటే అలగకు, ఎవరైనా ఏమన్నా అంటే ప్రయాణం బడలిక అని చెప్పు. పిల్ల బరువు నా చేతులకు తెలిస్తే నాకదే చాలు. తెలియకపోతే, నీకొక్కదానికే చెబుతాను.

నీ తమ్ముడు
శంకర్