చాటలో కదిలిన చుక్క

ఉప్పల్, మంగళవారం

చిన్నమ్మా, నేను బాగున్నాను. ఫోన్లో చెబితే స్పీకర్ పెట్టి వాడకట్టంతా వినిపిస్తావని కార్డు రాస్తున్నా.

నాచారం ఆఫీసులో నా పని, వేడిని చూసే కెమెరా వీడియోలో దూరపు డ్రోన్‌ను కనిపెట్టడం. తెర మీద అది నలకంత ఉంటుంది, చుట్టూ అలాంటి ఉత్త చుక్కలు వేలు. మసక చుక్కలన్నీ తుడిచేసేలా ప్రోగ్రాం రాశాను, వాటితోపాటు డ్రోనూ పోయింది. "గిట్లయితే శుక్రవారం కస్టమర్‌కు ఏం సూపిస్తవ్? పని నీ పక్క సీటు భూపాల్‌కు ఇచ్చెయ్" అన్నారు మా సారు. "ఇయ్య సార్. శుక్రవారం దాకా నాదే" అన్నాను.

అప్పుడు నువ్వు బియ్యం ఏరడం గుర్తొచ్చింది. చాట కదపకుండా పట్టుకుని "జర ఆగు బిడ్డా, పురుగైతే అదే నడుస్తది" అనేదానివి. నేనూ ఏదీ తుడవకుండా, వరసగా ముప్పై ఫ్రేములు ఆగి చూసేలా ప్రోగ్రాం మార్చాను. ఉత్త చుక్కలు మెరిసి మాయమయ్యాయి. ఒక్కటి మాత్రం నడిచింది. మబ్బు అంచున ఇంకా తప్పిపోతోంది, శుక్రవారం లోపు అక్కడా పట్టుకుంటా.

మొన్న అన్నంలో పురుగు వచ్చిందట, నీకు చూపు మసకైందట. చిన్నాయన చెబితే గానీ తెలియలేదు, నాకెందుకు దాచావు? ఆదివారం వచ్చి కంటి దవాఖానాకు తీసుకుపోతా, వద్దంటే వినను. ఈ కార్డు చిన్నాయనతో చదివించుకో. అప్పటిదాకా చాట ముట్టకు.

నీ కళ్ళకు దండం.
కల్పన