రెండు ఎర్ర ముఖాలు

9 ఫిబ్రవరి 1997, ఆదివారం

నా ముక్కు రోబోట్‌లా ఉందట. స్నిగ్ధ కనిపెట్టింది. ఇక్కడ ట్రాఫిక్ లైటుని రోబోట్ అంటారు. డర్బన్ వచ్చి ఏడాది తిరక్కుండానే దానికి ఈ ఊరి మాటలన్నీ వచ్చేశాయి. "అమ్మా, రెడ్ రోబోట్! స్టాప్!" అని చేతులు చాచి నా ముందు నిలబడింది. నవ్వాను. తర్వాత బాత్రూమ్ తలుపేసుకుని అద్దంలో చూసుకున్నాను. ముక్కు, రెండు బుగ్గలు, గడ్డం. అమ్మమ్మ పోలిక, పసిమి ఛాయ అని అందరూ మురిసిపోయిన మొహం. ఎవరో చెంపలు వాయించినట్టుంది. మధ్యలో చిన్న చిన్న పొక్కులు. మంట.

నలభై రెండేళ్లకి మొటిమలా?

12 ఫిబ్రవరి, బుధవారం

క్లాసు బాగా జరిగింది. ఏలూరు కాలేజీలో ఏళ్ల తరబడి బోటనీ చెప్పినదాన్ని. ఇక్కడ ఆయన గవర్నమెంట్ హాస్పిటల్లో ఎముకల డాక్టరు. ఆయన వెంట వచ్చిన భార్యకి ఉద్యోగం చేసే పర్మిట్ లేదు. నాకంటూ ఉన్నది ఈ బుధవారం ఒక్కటే.

పక్కింటి ఎస్తర్ ఆంటీ వాళ్ల తెలుగు బాప్టిస్ట్ చర్చి హాల్లో ఆడవాళ్లకి అక్షరాలు నేర్పుతున్నాను. వాళ్ల ముత్తాతలు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఇప్పుడు అందరి నోటా ఇంగ్లీషే. అమ్మమ్మల నాటి పాటలు కంఠతా వచ్చు, పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం రాదు. ఆగస్టులో చర్చి వార్షికోత్సవం. ఆ రోజు పుస్తకం చేత్తో పట్టుకుని, చూసి పాడాలని వాళ్ల కోరిక.

అందరిలోకీ చురుకు మ్యాగీ. ఇక్కడికి దగ్గర్లోని టోంగాట్‌లో పుట్టి పెరిగిన మనిషి, అరవైకి దగ్గర పడింది. నవ్వదు. ఎక్కడా వాడనప్పుడు 'ఞ' ఎందుకని ఇవాళ నన్ను నిలదీసింది.

1 మార్చి, శనివారం

ఆయన బ్యాగులోంచి ఒక ట్యూబు తీసి ఇచ్చారు. ఎగ్జిమా అట. స్టీరాయిడ్ క్రీమ్, వారం రాస్తే మాయమైపోతుందట. కాఫీ తాగుతూ, నా వైపు సరిగ్గా చూడకుండానే చెప్పారు.

8 మార్చి

మాయమైపోయింది! మా ఆయన దేవుడు.

2 ఏప్రిల్

మానేస్తే రెండు రోజుల్లో తిరిగొస్తోంది. రాస్తే పోతోంది. రాస్తున్నాను. రోజూ.

19 ఏప్రిల్, శనివారం

ఇప్పుడు రాసినా పోవడం లేదు. ముక్కు ఉబ్బింది. బుగ్గల మీద సన్నటి ఎర్ర దారాల్లాంటి నరాలు. స్టవ్ ముందు నిలబడితే మొహం కాలిపోతుంది. వేడి సాంబారు తింటే చాలు, చెవుల దాకా ఎరుపు. ఆయన ఇంకొంచెం స్ట్రాంగ్‌ది తెస్తానన్నారు. సరేనన్నాను. ఫొటోలు తీయించుకుందామని స్నిగ్ధ గొడవ చేస్తే కసిరాను. పాపం ఏడ్చింది.

23 ఏప్రిల్, బుధవారం

క్లాసుకి ఎస్తర్ ఆంటీ ఒక్కతే వచ్చింది. మిగతావాళ్లకి జలుబులట. అందరికీ ఒకేసారి!

నేను చెప్పే పద్ధతి బాలేదేమో. గుణింతాలు తొందరపడి మొదలుపెట్టానేమో.

24 ఏప్రిల్, గురువారం

కోపమో నవ్వో తెలియడం లేదు.

పొద్దున ఎస్తర్ ఆంటీ వచ్చింది. చేతిలో బైబిలు, ఇంకో చేతిలో బనానా బ్రెడ్. కూర్చోమంటే కూర్చోలేదు. నా రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మాయి, దేవుడు ఉండాడు. యూ మస్ట్ లీవ్ ద బాటిల్, మై గర్ల్" అంది.

ఏ బాటిల్ అన్నాను. ఆవిడ కళ్లల్లో నీళ్లు. "ఐ యామ్ నాట్ జడ్జింగ్. మా తమ్ముడు కూడా తాగినాడు, చచ్చిపోయినాడు. నీకు చిన్న పిల్ల ఉంది. షేమ్." ఇక్కడ షేమ్ అంటే పాపం అని.

అప్పటికి అర్థమైంది. మొహం ఎర్రగా ఉంది, ముక్కు ఉబ్బింది, కళ్లు నీళ్లు కారుతున్నాయి. టీచరమ్మ పగలంతా ఇంట్లో ఒంటరిగా కూర్చుని తాగుతోందని చర్చిలో ఆడవాళ్లందరూ అనుకుంటున్నారు. మొదట అన్నది మ్యాగీ. ఆ మొహం తనకి తెలుసందట. తాగే మనిషి దగ్గర దేవుడి పాటలు నేర్చుకోనందట.

నేను జన్మలో చుక్క ముట్టలేదు. ఆ మాటే చెప్పాను. ఎస్తర్ ఆంటీ సిగ్గు లేకుండా ముందుకి వంగి నా నోరు వాసన చూసింది. ఇంగువ వాసన వచ్చి ఉంటుంది.

"అయ్యో, సారీ అమ్మాయి" అని నన్ను గట్టిగా కౌగిలించుకుంది. బనానా బ్రెడ్ నలిగిపోయింది. ఇద్దరం ఏడ్చి, ఆ నలిగిందే తిన్నాం. వెళ్తూ వెళ్తూ, మొగుడు డాక్టరయ్యుండి ఇదేం మొహమని ఆయన్ని తిట్టింది. ఆ తిట్లు మాత్రం శుద్ధమైన తెలుగు. మా గోదావరి జిల్లాల్లో కూడా ఇప్పుడంత బాగా తిట్టేవాళ్లు లేరు.

29 ఏప్రిల్, మంగళవారం

నిన్న సెలవు కాబట్టి ఇవాళ స్కిన్ స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాం. డాక్టర్ ప్రేమీ కిస్టెన్. నా వయసే ఉంటుంది. లైటు వేసి చూసి, ఏం రాస్తున్నావని అడిగింది. ట్యూబు చూపించాను. ఎవరిచ్చారంది. నేను సీలింగ్ వైపు చూశాను. పక్క కుర్చీలో ఆయన స్కూలు పిల్లాడిలా చెయ్యెత్తారు.

రొజేషియా అట దాని పేరు. స్టీరాయిడ్ మొదట్లో అణిచిపెట్టి, తర్వాత రెచ్చగొట్టిందట. అది తెల్లవాళ్లకి కదా వచ్చేదని ఆయన నసిగారు. తనూ అవే పుస్తకాలు చదివానని, వాటిలో అన్నీ గులాబీ రంగు మొహాలేనని ఆవిడ అంది. "మన ఫొటోలు వెయ్యలేదు డాక్టర్. అంతే."

స్టీరాయిడ్ బంద్. మెట్రొనిడజోల్ జెల్ రాసిచ్చింది. సబ్బు లేకుండా మొహం కడుక్కుని, తడి ఆరాక, పొద్దునా సాయంత్రం పల్చగా. ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్, టోపీ. వేడివేడి కాఫీ వద్దు. కారం వద్దు.

కారం వద్దట. ఆంధ్రా మనిషికి.

మొదటి వారాలు ఇంకా ఘోరంగా ఉంటుందని, స్టీరాయిడ్ మానిన కోపం అంతా మొహం చూపిస్తుందని, భయపడి మళ్లీ అది రాయొద్దని చెప్పింది. పూర్తిగా పోయే జబ్బు కాదట, అదుపులో ఉంటుందట. ఇంటికొస్తూ రెడ్‌హిల్ మలుపు దగ్గర ఆయన బండి పక్కకి ఆపి, "సారీ వసూ. నేను నీ మొహం చూడనే లేదు" అన్నారు.

3 మే, శనివారం

ఘోరం అంటే ఇదీ. మొహమంతా పొక్కులు. దిండు తగిలినా మంట. అద్దం మీద తువ్వాలు వేశాను.

చూసుకోకుండా రాసుకోవడం కుదరడం లేదు. ఆయనే రాస్తున్నారు. తుంటి ఎముకలు సుత్తితో కొట్టి సరిచేసే చేతులు. వేలి కొసన బఠాణీ గింజంత జెల్ తీసుకుని, ఊపిరి బిగబట్టి రాస్తారు. నొప్పిగా ఉందా అని ప్రతి బుగ్గకీ విడిగా అడుగుతారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇంత దగ్గర నుంచి ఈ మనిషి నన్నెప్పుడూ చూడలేదు.

ఆవకాయ జాడీ ఇంట్లో లేదు. ఎస్తర్ ఆంటీకి ఇచ్చేశారట. నేను కారం తినకపోతే తనూ తినరట. రాత్రి ఇద్దరం చప్పటి సొరకాయ పప్పు తిన్నాం. స్నిగ్ధ మమ్మల్ని జాలిగా చూసింది.

7 మే, బుధవారం

వెళ్లొద్దనుకున్నాను. తర్వాత ఒళ్లు మండింది. వెనక బెంచీ మగపిల్లల నోళ్లు మూయించినదాన్ని, నేనెందుకు దాక్కోవాలి? టోపీ పెట్టుకుని వెళ్లాను. ఎస్తర్ ఆంటీ ఇంటింటికీ తిరిగి అందర్నీ పట్టుకొచ్చింది. చివర్లో మ్యాగీ, చేతులు కట్టుకుని.

టోపీ తీశాను. ఎవరో "ఓ గాడ్" అన్నారు. బోర్డు మీద పెద్ద తెలుగు అక్షరాలతో రొజేషియా అని రాసి చదవమన్నాను. కూడబలుక్కుని చదివారు. అప్పుడు చెప్పాను. ఇది నా జబ్బు పేరు. అంటుకోదు. తాగితే వచ్చేది కాదు, నేను తాగను. మందు ఇదిగో. ట్యూబు బల్ల మీద పెట్టాను.

మ్యాగీ లేచింది. కొట్లాటకే అనుకున్నాను. కళ్లు కూడా మండుతాయా అని అడిగింది. అవునన్నాను. ఎండలో పనిచేస్తే? అవును. వేడి టీ తాగితే? అవును. ముక్కు పెద్దదవుతుందా? కొంతమందికి అవుతుందన్నాను.

బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఉన్నారు. గుణింతాలు మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

11 మే, ఆదివారం

మదర్స్ డే. మధ్యాహ్నం మ్యాగీ వచ్చింది, చర్చి నుంచి నేరుగా. జాకెట్ మీద తెల్ల పువ్వు. తల్లి బతికుంటే ఎర్రది, లేకపోతే తెల్లది పెట్టుకుంటారట.

నీళ్లు కూడా తాగకుండా చెప్పింది. వాళ్లమ్మ పేరు అన్నమ్మ. టోంగాట్ చెరకు తోటల్లో కలుపు తీసేది. మొహం కుంకం పూసినట్టుండేది, కళ్లు ఎప్పుడూ కారుతుండేవి. తాగుతుందని అందరూ అన్నారు. చర్చి పెద్దలు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఆవిడ తాగలేదని ఒకసారి చెప్పింది, రెండుసార్లు చెప్పింది, తర్వాత చెప్పడం మానేసింది. ఆఖరి వరసలో కూర్చునేది. మ్యాగీ పెళ్లిలో కూడా ఆఖరి వరసే. మ్యాగీయే అడిగింది అక్కడ కూర్చోమని.

"ఎవ్రీ నైట్ ఐ స్మెల్ట్ హర్ మౌత్, టీచర్. ఏమీ లేదు. నథింగ్. స్టిల్ ఐ బిలీవ్డ్ దెమ్."

పర్సులోంచి ఫొటో తీసింది. చిన్నది, అంచులు చిరిగినది. బ్లాక్ అండ్ వైట్. తలమీద గుడ్డ కట్టుకున్న ఆడమనిషి, ఎండకి కళ్లు చికిలించింది. ఏ రంగూ లేదు.

ఆ జబ్బేనా అని అడిగింది. నాకు తెలియదన్నాను. అవునని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పి ఉండాల్సిందా?

20 మే, మంగళవారం

నా చెకప్‌కి మ్యాగీని తీసుకెళ్లాను. డాక్టర్ ప్రేమీ ఫొటోని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసింది. రంగు లేని ఫొటో చూసి చెప్పలేనంది. తర్వాత నన్ను అడిగిన ప్రశ్నలే మ్యాగీని అడిగింది. ఓపిగ్గా, వాళ్లమ్మ బయట వెయిటింగ్ రూములో కూర్చుని ఉన్నట్టే. అన్నీ విని, ఇదే కథతో ఆవిడ ఇవాళ తన దగ్గరికొస్తే ఇదే జెల్ రాసిచ్చేదాన్నని చెప్పింది.

"జస్ట్ వన్ ట్యూబ్?" అంది మ్యాగీ.

మొదలుపెట్టడానికి ఒక్క ట్యూబేనని డాక్టరు చెప్పింది.

మ్యాగీ ఏడవలేదు. లిఫ్టులో నా చెయ్యి పట్టుకుంది, కారు దాకా వదల్లేదు.

22 జూన్

పొక్కులు తగ్గాయి. అద్దం మీద తువ్వాలు తీసేశాను. ఇక్కడ జూన్ అంటే చలికాలం, అదీ కలిసొచ్చింది. నా అంతట నేను రాసుకోగలను. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

17 ఆగస్టు, ఆదివారం

వార్షికోత్సవం. చర్చి నిండిపోయింది. నేను, ఆయన, స్నిగ్ధ ఒక పక్కన కూర్చున్నాం. పాడేవాళ్ల కోసం ముందు, స్టేజీ పక్కన కుర్చీలు వేశారు. వాళ్ల వంతు వచ్చినప్పుడు మ్యాగీ లేచి, ఆ కుర్చీలు దాటి, వెనక్కి నడిచింది. మిగతావాళ్లు ఒక్క క్షణం తెల్లబోయి ఆవిడ వెనకే వెళ్లారు. ఆఖరి వరసలో నిలబడి పుస్తకాలు తెరిచారు. పాస్టర్ సైగ చేస్తున్నాడు, ముందుకి రమ్మని. మ్యాగీ చూడనట్టే ఉంది.

అక్కణ్ణుంచే పాడారు. జనమంతా మెడలు తిప్పి చూడాల్సి వచ్చింది. తలలు పుస్తకాల్లో, వేళ్లు అక్షరాల మీద. ఒక చోట తప్పు చదివారు, ఆగారు, సరిచేసుకుని మళ్లీ అందుకున్నారు. కంఠతా వచ్చిన పాట అయ్యుండి కూడా.

నా మొహం కాలిపోయింది. పోనీ.

23 ఆగస్టు, శనివారం

మ్యాగీతో టోంగాట్ వెళ్లాను. చెరకు పక్కన పాత శ్మశానం. రాళ్లు లేవు, మట్టి దిబ్బలే, వరసగా. ఏది వాళ్లమ్మదో మ్యాగీకి గుర్తు లేదు. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది, మళ్లీ వెనక్కి వచ్చింది. చివరికి మధ్యలో నిలబడి, అక్కడ పడుకున్న అందరికీ వినపడేలా తెలుగులో అరిచింది. "మాయమ్మ తాగలేదు!"